కొత్త ఫైరింజన్ షెడ్డులోనే ఉంది, నడిపే మనిషే లేడు. గ్రాంటులో మనుషులకు డబ్బు ఎందుకివ్వరు?

కల్లం_కాపలా

మాది పల్నాడులో ఒక పల్లె. ఈ ఏడు మిర్చి కోతలప్పుడు మా ఊరి కల్లంలో నిప్పు లేచింది. పైన కరెంటు తీగలు రాసుకుని రవ్వలు పడ్డాయి. ఎండిన మిర్చి అంటుకుంటే ఎలా ఉంటుందో చూసినవాళ్లకే తెలుసు. మంట కంటే ముందు ఘాటు కొడుతుంది, కళ్లు తెరవలేం, దగ్గుతో ఊపిరాడదు. 101కి ఫోన్ చేస్తే నలభై ఎనిమిది నిమిషాలకు ఫైరింజన్ వచ్చింది. స్టేషన్ మాకు ముప్పై నాలుగు కిలోమీటర్లు. ఆ గుంతల రోడ్డు మీద అంతకంటే త్వరగా ఎవరూ రాలేరు. ఆ విషయంలో వాళ్లను ఒక్క మాట అనను.

నా బాధ వేరే. బండిలోంచి దిగింది ఇద్దరే. ఒకరు డ్రైవరు, ఆయన పంపు దగ్గర నుంచి కదలకూడదు. మిగిలింది ఒక్క ఫైర్‌మన్, యాభై దాటిన మనిషి. నీళ్లు వదలగానే పైపు ఆయన్ని వెనక్కి తోసేసింది. మేం నలుగురం పరిగెత్తి వెనక పట్టుకున్నాం, లుంగీలతో, కాళ్లకు చెప్పులు కూడా లేకుండా. మా బాబాయి కుడి చెయ్యి మోచేతి దాకా కాలింది. పదకొండు మంది రైతుల పంట బూడిదైంది.

మర్నాడు ఆ ఇద్దరికీ దండం పెట్టి వద్దామని స్టేషన్‌కి వెళ్లాను. షెడ్డులో ఇంకో బండి ఉంది. కొత్తది, సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. "గ్రాంటులో వచ్చింది బాబూ, దానికి డ్రైవర్ పోస్టు రాలేదు" అన్నాడాయన. బండికి డబ్బిచ్చేవాళ్లు మనిషికి ఎందుకివ్వరు? తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి.

నల్లరేగడి

మా దగ్గరా ఇదే కథ. ఆదిలాబాద్ వైపు పత్తి జిన్నింగ్ మిల్లులు వరసగా ఉంటాయి, సీజన్ మొదలైందంటే టెన్షనే. మిల్లుల వాళ్లే సొంతంగా మోటార్లు, పైపులు పెట్టుకున్నారు. బాబాయి చెయ్యి ఇప్పుడెలా ఉంది?

కల్లం_కాపలా

పుండు మానింది. వేళ్లు మాత్రం ఇంకా పూర్తిగా ముడవలేకపోతున్నాడు.

లెక్కలపద్దు

ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ముందు చెప్తాను, అప్పుడు మీ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

ఎన్.కె. సింగ్ అధ్యక్షుడిగా ఉన్న 15వ ఆర్థిక సంఘం రాష్ట్రాల అగ్నిమాపక సేవల విస్తరణకు, ఆధునికీకరణకు 5,000 కోట్లు ఇవ్వమని సిఫార్సు చేసింది. జాతీయ విపత్తు స్పందన నిధిలో 12.5 శాతాన్ని సన్నద్ధత కోసం పక్కన పెట్టారు, ఇది అందులోంచి వస్తుంది. కేంద్ర హోంశాఖ 2023 జులైలో పథకం మొదలుపెట్టింది, గడువు 2025-26 వరకు. ఇందులో 500 కోట్లు సంస్కరణలు చేసిన రాష్ట్రాలకు ప్రోత్సాహకం. రాష్ట్రం తన వాటా 25 శాతం వేసుకోవాలి, ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలైతే 10 శాతం వేసుకుంటే చాలు.

ఆ డబ్బుతో కొత్త స్టేషన్లు కట్టుకోవచ్చు, పరికరాలు కొనుక్కోవచ్చు, రాష్ట్ర శిక్షణ కేంద్రాన్ని బాగుచేసి సిబ్బందికి ట్రైనింగ్ ఇవ్వొచ్చు, పట్టణ స్టేషన్లను మెరుగుపరచుకోవచ్చు, ఆన్‌లైన్ వ్యవస్థలు పెట్టుకోవచ్చు. శిక్షణ వరకు ఉంది, గమనించండి. జీతం అన్న అంశమే లేదు, ఐదేళ్ల డబ్బుతో పర్మనెంట్ ఉద్యోగం ఎలా ఇస్తామన్న భయం. ఫైర్ సర్వీసు రాష్ట్రాల పని. రాజ్యాంగం 12వ షెడ్యూల్లో 7వ అంశంగా మున్సిపాలిటీల పనుల్లో కూడా రాశారు గానీ, మన రెండు రాష్ట్రాల్లో రాష్ట్ర శాఖే నడుపుతుంది. పోస్టు మంజూరు చేయాల్సింది రాష్ట్ర ఆర్థిక శాఖ. బండి ఫైలు ఒక దారిన వస్తుంది, పోస్టు ఫైలు ఇంకో దారిన రావాలి. రెంటినీ కలిపి చూసేవాళ్లు లేకపోతే మీరు షెడ్డులో చూసిందే జరుగుతుంది.

ముక్కుసూటి

నేను కొంచెం అడ్డం మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. బండ్లకు డబ్బివ్వడం తప్పన్నట్టు మాట్లాడుతున్నారు, అది కాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషన్ పొడిగించడం ఆపేశారు. ఫైరింజన్ పెద్దగా కిలోమీటర్లు తిరగదు, కాబట్టి ఇరవై ఏళ్ల పాతవి కూడా దేశమంతా నడుస్తుండేవి. అవన్నీ ఒక్కసారిగా పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆ గ్రాంటు రాకపోయి ఉంటే చాలా స్టేషన్లలో ఉన్న ఆ కొద్దిమంది మనుషులు దేంట్లో వెళ్లేవాళ్లు?

కల్లం_కాపలా

బండి వద్దని నేననలేదు. బండితో పాటు మనిషి కావాలంటున్నా.

101_ఇంటిబిడ్డ

మా నాన్న ముప్పై ఒక్క ఏళ్లు ఫైర్ సర్వీసులో చేసి లీడింగ్ ఫైర్‌మన్‌గా రిటైరయ్యారు. కల్లం_కాపలా గారు రాసింది చదివి ఆయనకు వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఆ ఫైర్‌మన్ పేరు రాయలేదు కదా, మంచి పని చేశాడు, లేకపోతే అతన్నే బలి చేస్తారు" అన్నారు.

ఆయన చెప్పిన లెక్క ఇది. ఒక వాటర్ టెండర్‌కి, అంటే నీళ్ల ట్యాంకున్న ఫైరింజన్‌కి, ఒక లీడింగ్ ఫైర్‌మన్, ఒక డ్రైవర్, నలుగురు ఫైర్‌మెన్, మొత్తం ఆరుగురు ఉండాలి. ట్యాంకులో 4,500 లీటర్లు పడతాయి. ఒక పైపుతో కొడితే పది పన్నెండు నిమిషాల్లో ఖాళీ. కాబట్టి ఇద్దరు పైపు పట్టుకుంటే, ఇంకో ఇద్దరు దగ్గర్లో బావో చెరువో వెతికి మళ్లీ నీళ్లు పట్టే ఏర్పాటు చూడాలి. లీడింగ్ ఫైర్‌మన్ మాత్రం పైపు ముట్టుకోడు, గాలి ఎటు తిరుగుతోందో చూస్తూ ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్తాడు. ఇద్దరే వస్తే ఈ పనుల్లో సగం జరగవు. చూసే మనిషి లేకపోవడమే అన్నిటికంటే ప్రమాదమట. మీ బాబాయి చెయ్యి అలాగే కాలి ఉంటుంది. గాలి తిరిగిందని చెప్పేవాళ్లు లేరు.

ఆరుగురు అంటే ఆరు ఉద్యోగాలు కూడా కాదు. నాన్నవాళ్లది ఇరవై నాలుగు గంటలు డ్యూటీ, ఇరవై నాలుగు గంటలు రెస్ట్. రోజూ ఆరుగురు ఉండాలంటే పన్నెండు మంది కావాలి. సెలవులు, జ్వరాలు, ట్రైనింగ్‌లు కలుపుకుంటే పద్నాలుగు, పదిహేను. ఆయన చివరి రెండేళ్లు పనిచేసిన స్టేషన్‌లో హోంగార్డులతో కలిపి ఏడుగురు ఉండేవాళ్లు. రెస్ట్ రోజు కూడా ఇంట్లో యూనిఫాం కుర్చీ మీదే ఉండేది.

టీచరమ్మ_62

ఆ కుర్చీ మాట చదివితే కళ్లు చెమర్చాయమ్మా. నాన్నగారికి నా నమస్కారం చెప్పు.

ఒహాయో_తెలుగు

అమెరికాలో ఈ జీతాల సంగతి ఎలా చూస్తారో చెప్తాను. మా టౌన్‌షిప్‌లో మొన్నీమధ్యే దీని మీద ఓటింగ్ జరిగింది.

ఇక్కడ ఫైర్ డిపార్ట్‌మెంట్ పూర్తిగా ఊరి బాధ్యత, ఇంటి పన్నులోంచి నడుస్తుంది. అయినా కేంద్రం నుంచి రెండు రకాల గ్రాంట్లు వస్తాయి, రెండూ ఫెమా అనే కేంద్ర విపత్తు నిర్వహణ సంస్థ ఇస్తుంది. ఒకటి పరికరాలకు, బండ్లకు, శిక్షణకు. ఇంకొకటి 'సేఫర్' అంటారు, ఇది మనుషుల కోసమే. 2003లో చట్టం చేశారు. కొత్తగా ఫైర్‌ఫైటర్లను తీసుకుంటే మూడేళ్ల పాటు జీతం, ఇతర ఖర్చుల్లో వాటా ఇస్తారు. మొదటి రెండేళ్లు 75 శాతం, మూడో ఏడు 35 శాతం. మిగతాది ఊరు పెట్టుకోవాలి. వాలంటీర్లను చేర్చుకోవడానికి, చేరినవాళ్లను నిలబెట్టుకోవడానికి కూడా అందులోనే విడిగా డబ్బుంది. ఈ దేశంలో ఫైర్‌ఫైటర్లలో మూడింట రెండొంతుల దాకా వాలంటీర్లే మరి.

మనుషుల సంఖ్య మీద ఇక్కడ పట్టింపు ఎక్కువ. మండుతున్న ఇంట్లోకి ఇద్దరు వెళ్లాలంటే బయట ఇంకో ఇద్దరు సిద్ధంగా ఉండాలని కార్మిక భద్రత నిబంధనే ఉంది. నలుగురు లేకపోతే లోపలికి వెళ్లకూడదు, లోపల మనిషి చిక్కుకున్నాడని తెలిస్తే తప్ప. కాబట్టి గ్రాంటు దరఖాస్తులో 'మా దగ్గర ఇంతమందే ఉన్నారు, నిబంధన ప్రకారం ఇంతమంది కావాలి' అని లెక్క చూపించి అడుగుతారు.

నల్లరేగడి

మూడేళ్ల తర్వాత?

ఒహాయో_తెలుగు

అదే అసలు చిక్కు. మా ఓటింగ్ దాని గురించే. గ్రాంటుతో తీసుకున్న ఆరుగురి గడువు అయిపోయింది, వాళ్లను ఉంచుకోవాలంటే ఇంటి పన్ను పెంచాలి. మా వీధిలో పెద్దవాళ్లు చాలామంది వద్దన్నారు, పెన్షన్ మీద బతికేవాళ్లు, వాళ్లనూ తప్పుపట్టలేం. చివరికి చాలా తక్కువ తేడాతో నెగ్గింది. పక్క ఊళ్లో ఓడిపోయి నలుగురిని పంపేశారు. లెక్కలపద్దు గారు చెప్పిన, ఐదేళ్ల డబ్బుతో పర్మనెంట్ ఉద్యోగం ఎలా ఇస్తామన్న భయం వట్టిది కాదు, నా కళ్లముందే జరిగింది.

ముక్కుసూటి

అందుకే నేను బండి మేలంటున్నా. బండిని ఎవరూ తీసేయరు.

101_ఇంటిబిడ్డ

తీసేయరు, తుప్పు పడుతుంది. నడపని బండికి ముందు బ్యాటరీ పోతుంది, తర్వాత పంపు సీళ్లు ఎండిపోతాయి. ఇది నాన్న పక్కన కూర్చుని చెప్తున్నదే.

గోదారిగట్టు

మాది కోనసీమ, ఎండాకాలంలో తాటాకు ఇళ్లు ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకుంటూ పోతాయి. ఫైరింజన్ వచ్చేసరికి కాలాల్సింది కాలిపోతుంది. నిబంధన ప్రకారం పల్లెలకు ఇరవై నిమిషాల్లో, పట్టణాలకు ఐదు నుంచి ఏడు నిమిషాల్లో చేరాలట, అది ఎక్కడ సాధ్యం? ఊళ్లో ఉన్నవాళ్లకే నేర్పడం నయం కదా.

కేరళలో 2018 వరదల తర్వాత ఫైర్ సర్వీసు కిందే సివిల్ డిఫెన్స్ పెట్టారు. ఒక్కో స్టేషన్‌కు యాభై మంది చొప్పున 124 స్టేషన్లకు 6,200 మంది వాలంటీర్లు. మన దేశమంతా 'ఆపద మిత్ర' ఉంది, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థది. 2016లో 30 జిల్లాల్లో మొదలుపెట్టి తర్వాత 350 జిల్లాలకు, లక్ష మందికి పెంచారు. పన్నెండు రోజుల శిక్షణ, ఒక కిట్, బీమా ఇస్తారు. నేను ఆ శిక్షణ తీసుకున్నాను. తాడు కట్టడం, నీళ్లలోంచి మనిషిని తీయడం, సీపీఆర్ బాగా నేర్పారు. నిప్పు గురించి ఒక పూటే చెప్పారు. ఆ ఒక్క పూటతోనే పోయిన వేసవిలో మా వీధి చివర రెండిళ్లు కాపాడుకున్నాం. కాలుతున్న ఇంటి మీద నీళ్లు పోయడం మానేసి, పక్కింటి చూరు లాగేసి తడిపాం.

నిజామాబాద్_అన్న

చూరు లాగేయడం మా తాతలు కూడా చేసేవారు. మంచి పని చేశారు.

101_ఇంటిబిడ్డ

గోదారిగట్టు గారూ, మీరు చేసింది గొప్ప పనే. కానీ ఒక్కటి. వాలంటీర్లు ఉన్నారు కదా అని పోస్టులు నింపకపోతే? ఊళ్లోవాళ్లు జనాన్ని దూరంగా పంపగలరు, చూరు లాగగలరు, దారి చూపించగలరు. పొగ నిండిన మేడలోకి బీఏ సెట్, అంటే ఊపిరి పీల్చుకునే గాలి పరికరం, తగిలించుకుని వెళ్లలేరు. వీపు మీద సిలిండరు, ముఖానికి మాస్కు, కంటికేమీ కనపడదు, గోడను తడుముకుంటూ పోవాలి. ఎన్ని నిమిషాల గాలి మిగిలిందో లోపల గుర్తుంచుకోవాలి. దానికి పన్నెండు రోజులు సరిపోవు. నెలలు కావాలి, ఆ తర్వాత కూడా ఏటా మళ్లీ చేయిస్తూ ఉండాలి.

నాన్న అసలు బాధ ఇదే. ఉద్యోగంలో చేరినప్పుడు ఇచ్చిన ట్రైనింగే ట్రైనింగు. తర్వాత ముప్పై ఏళ్లలో మళ్లీ పంపింది రెండుసార్లు. పంపాలంటే స్టేషన్‌లో ఆయన స్థానంలో ఇంకో మనిషి ఉండాలి కదా. మనుషులు తక్కువైతే మొదట ఆగేది శిక్షణే. శిక్షణకు గ్రాంటులో డబ్బున్నా వెళ్లడానికి మనిషి ఖాళీగా లేడు.

లెక్కలపద్దు

ఈ చివరి మాట నేను ఎప్పుడూ ఆలోచించలేదు. శిక్షణ డబ్బు వాడుకోలేకపోవడానికి కారణం సిబ్బంది కొరత అని లెక్కల్లో ఎక్కడా కనపడదు.

ఒహాయో_తెలుగు

ఇక్కడి చిన్న ఊళ్లకూ అదే ఇబ్బంది. మేరీల్యాండ్‌లో ఎమిట్స్‌బర్గ్ అనే చోట నేషనల్ ఫైర్ అకాడమీ ఉంది. దేశంలో ఏ ఊరి ఫైర్‌ఫైటరైనా ఫీజు లేకుండా చదువుకోవచ్చు. 2025 మార్చిలో ఉన్నట్టుండి క్లాసులు ఆపేశారు, తర్వాత మళ్లీ తెరిచారు. పెద్ద నగరాలకు సొంత అకాడమీలు ఉంటాయి, అవి తట్టుకుంటాయి. ఆ ఉచిత క్లాసుల మీద ఆధారపడ్డ చిన్న ఊళ్లే ఇబ్బంది పడ్డాయి.

నిజామాబాద్_అన్న

మనకు నాగ్‌పుర్‌లో జాతీయ అగ్నిమాపక కళాశాల ఉంది కదా. 1956లో రాంపుర్‌లో మొదలై మరుసటేడు నాగ్‌పుర్‌కు మారింది. ఆఫీసర్లు ఎక్కువగా అక్కడికే వెళ్తారు. మామూలు ఫైర్‌మెన్‌కు రాష్ట్రంలోనే, మా తెలంగాణకైతే వట్టినాగులపల్లిలో.

పోస్టుల గురించి నా అనుభవం చెప్తా. మా చిన్న తమ్ముడు ఫైర్‌మన్‌గా సెలెక్టయ్యాడు. నోటిఫికేషన్ వచ్చింది 2022 ఏప్రిల్‌లో. పరీక్షలు, పరుగులు, ఫలితాలు, కేసులు, ఆ తర్వాత నాలుగు నెలల ట్రైనింగు. పాసింగ్ అవుట్ పరేడ్ 2024 జులైలో. రెండేళ్ల మూడు నెలలు. ఆ మధ్యలో రిటైరయ్యేవాళ్లు రిటైరవుతూనే ఉన్నారు. బండి ఆర్డరిస్తే కొన్ని నెలల్లో వస్తుంది, మనిషి తయారవడానికి రెండేళ్లు పడుతుంది. కాబట్టి బండికి దరఖాస్తు పెట్టే రోజే పోస్టులకూ నోటిఫికేషన్ రావాలి. తమ్ముడు డ్యూటీలో చేరిన మొదటి వారంలోనే బావిలో పడ్డ గేదెను తీశాడు, ఇంట్లో అందరికీ ఆ ఫొటోనే చూపిస్తాడు.

టీచరమ్మ_62

గేదె సంగతి బాగుంది నాయనా. నిప్పు ఆర్పడం ఒక్కటే అనుకుంటాం, బావులు, వరదలు, రోడ్డు ప్రమాదాలు అన్నిటికీ వాళ్లే వస్తారు.

101_ఇంటిబిడ్డ

నా పెళ్లిలో మా నాన్న హోమగుండం పక్కన రెండు నీళ్ల బిందెలు, ఒక ఇసుక బకెట్ పెట్టించారు. పంతులుగారు ఇదేం శాస్త్రమండీ అని అడిగారు.

నల్లరేగడి

మా అక్క పెళ్లికి అలాంటి పెద్దాయన ఉండి ఉంటే షామియానా మిగిలేది.

ముక్కుసూటి

సరే, నా మాట కొంచెం మార్చుకుంటున్నా. బండి ముందా మనిషి ముందా అన్న వాదన తప్పు. కానీ డబ్బు నిజంగా లేదన్నది కూడా చూడాలి. దేశం మొత్తానికి 5,000 కోట్లంటే పెద్దగా వినిపిస్తుంది. 2011 ప్రాంతంలో హోంశాఖ చేయించిన అధ్యయనంలో 8,559 స్టేషన్లు కావాల్సిన చోట 2,987 ఉన్నాయని తేలింది. అంటే మూడింట రెండొంతులు లేవు. ఆ గుంత పూడ్చడానికి ఈ గ్రాంటు ఏ మూలకు?

లెక్కలపద్దు

నిజమే. అయితే అడిగే పద్ధతిని బట్టి కూడా వస్తుంది. 13వ ఆర్థిక సంఘం 2010-15కి ఏడు రాష్ట్రాల ఫైర్ సర్వీసులకు కలిపి 472 కోట్లు ఇచ్చింది. అందులో ఒడిశాకు 150, పశ్చిమ బెంగాల్‌కు 150, హర్యానాకు 100. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 17. పొరపాటు కాదు, పదిహేడే. అప్పటికే 1999 తుఫాను దెబ్బ తిన్న ఒడిశా బ్లాకుకొక ఫైర్ స్టేషన్ అన్న లెక్కతో ముందుకెళ్లింది. మన మండలాలు ఎన్ని, స్టేషన్లు ఎన్ని అని ఎప్పుడైనా పోల్చుకున్నామా?

ఇంకో మాట. 25 శాతం రాష్ట్ర వాటా అన్నాను కదా, దాన్ని బిల్డింగులకే కాకుండా ఆ స్టేషన్‌కు కావాల్సిన పోస్టుల మంజూరుతో ముడిపెట్టమని అడగాలి. పోస్టుల జీవో లేకుండా కొత్త బండికి డబ్బు విడుదల చేయకూడదన్న షరతు పెడితే చాలు, రెండు ఫైళ్లూ ఒకే బల్ల మీదకు వస్తాయి. ఆ 500 కోట్ల ప్రోత్సాహకాన్ని కూడా ఖాళీలు నింపిన రాష్ట్రాలకే ఇస్తే ఇంకా మంచిది. ఇది నా అభిప్రాయం.

ఒహాయో_తెలుగు

ఈ షరతు మాట నాకు నచ్చింది. ఇక్కడ సేఫర్‌లో చేరిన ఊరు గ్రాంటు నడిచినంతకాలం ఉన్న సిబ్బందిని తగ్గించకుండా నిలబెట్టుకోవాలి. లేకపోతే కొత్తవాళ్లను గ్రాంటులో తీసుకుని పాతవాళ్లను తీసేస్తారు.

గోదారిగట్టు

2025 మేలో హైదరాబాద్ గుల్జార్ హౌజ్‌లో ఇల్లు అంటుకుని 17 మంది పోయినప్పుడు వారం రోజులు అందరూ పరికరాల గురించే మాట్లాడారు. సిబ్బంది గురించి నేను ఒక్క చర్చ కూడా వినలేదు. ఇక్కడే విన్నాను.

టీచరమ్మ_62

ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు చేస్తారు. 1944లో అదే రోజు బొంబాయి రేవులో ఓడ పేలి 66 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు, వాళ్ల జ్ఞాపకార్థం. మా బడికి ఏటా ఫైర్‌మెన్ వచ్చి గ్యాస్ సిలిండర్ మంటను తడి గోనెసంచితో ఎలా ఆర్పాలో పిల్లలకు చూపించేవాళ్లు. రెండేళ్ల నుంచి కరపత్రాలు పంపుతున్నారు, మనుషులు రావడం లేదు. ఫోన్ చేస్తే "స్టేషన్ ఖాళీ చేసి రాలేం టీచరుగారూ" అన్నారు.

కల్లం_కాపలా

అందరివీ రెండుసార్లు చదివాను. బండి తప్పు కాదు, ఫైర్‌మన్ తప్పు అంతకన్నా కాదు. నేను కోపంతో ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లి 'మాకు దగ్గర్లో స్టేషన్ కావాలి' అని అర్జీ ఇద్దామనుకున్నా. స్టేషన్ కట్టి తాళం వేస్తే ఏం లాభం? ఇప్పుడు ముందు సమాచార హక్కు కింద అడుగుతా. మా స్టేషన్‌కు మంజూరైన పోస్టులెన్ని, పనిచేస్తున్నవాళ్లు ఎందరు, అందులో హోంగార్డులు, అవుట్‌సోర్సింగ్ వాళ్లు ఎందరు, గ్రాంటులో వచ్చిన బండి ఏ తేదీన వచ్చింది, ఇప్పటిదాకా ఎన్ని ఫైర్ కాల్స్‌కు వెళ్లింది. ఇంకేమైనా కలపాలా?

101_ఇంటిబిడ్డ

రెండు కలపండి. వచ్చే మూడేళ్లలో ఎంతమంది రిటైరవుతున్నారు, ఒక్కొక్కరు చివరిసారి ట్రైనింగ్‌కు వెళ్లింది ఏ సంవత్సరంలో. ఎవరి పేరూ అడగొద్దు, సంఖ్యలే అడగండి.

లెక్కలపద్దు

జిల్లా కార్యాలయానికి వేయండి. ఫీజు పది రూపాయలు, మండల స్థాయిలో అయితే ఐదు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి.

కల్లం_కాపలా

సోమవారం వేస్తున్నా. బాబాయి కూడా విడిగా ఒకటి వేస్తానన్నాడు, ఎడమ చేత్తో సంతకం ప్రాక్టీసు చేస్తున్నాడు.

ముక్కుసూటి

ప్రశ్నల కాగితం ఇక్కడ పెట్టండి, మా జిల్లాకూ అదే వేస్తాను.

నల్లరేగడి

నేను కూడా. ఆదిలాబాద్‌కు.